మొసలి గోడ మీద పడవ

కిన్షాసాలో మతోంగే పేట, లుజోలో వాళ్ళమ్మ బీరు కొట్టు. ఎండ దిగలేదు, జనం రాలేదు. మూల బల్ల దగ్గర దర్జీ మకియెసే మాత్రం ఉన్నాడు. ఆయన్ని జనంలో లెక్కేసే అలవాటు ఆ పేటలో ఎవరికీ లేదు. రేడియో పెడితే చాలు గొంతు వినిపించే పాటగాడు లుజోలో, ఎత్తు మడమల జోడు వేసుకుని కూడా, తల్లి ముందు పొట్టివాడైపోయి బతిమాలుతున్నాడు.

"గోడ ఒక్కటే కదమ్మా నేనడిగింది!"

"ఒక్కటేనా? వస్తూనే కుర్చీలన్నావు. కుర్చీలయ్యాక గొడుగులన్నావు. గొడుగులయ్యాక ఫ్రిజ్ అన్నావు. ఇప్పుడు గోడ. ఇంకాసేపాగితే నన్ను కూడా ఎర్ర రంగులో ముంచి దండెం మీద ఆరేస్తానంటావు."

"ఎరుపు నీకు బాగుంటుందమ్మా."

"ముందా చేప తిను. ఆకులో పొట్లం కట్టి కాల్చాను, చల్లారిపోతోంది. కర్రపెండలం ముద్ద కూడా పెట్టాను, కోసుకో."

"తింటాలే గానీ విను. ఆదివారం పొద్దున పడవ బీరు కంపెనీ ఫొటోలాయన వస్తాడు. నేను మొట్టమొదట పాడింది ఈ కొట్టులోనే కదా, ఇక్కడే కూర్చోవాలట. నువ్వు పక్కన నిలబడి నా గ్లాసులో పడవ బీరు పోస్తావు. నేను నీకేసి చూసి నవ్వుతాను. అంతే! ఆ బొమ్మ ఊరంతా పెడతారు. స్టేడియం ముందు, రేవు దగ్గర, పెద్ద బజార్లో... ఇంత ఎత్తున!"

"మన వెనకాల గోడ మీద ఏముంటుంది?"

"ఏముంటుందమ్మా, పడవ వాళ్ళ ఎరుపు, దాని మీద పడవ ఉంటుంది."

"ఇప్పుడేముంది?"

"మొసలి."

"గట్టిగా చెప్పు, మకియెసే అన్నకి వినపడలేదు."

"మొసలి! మొసలి బీరు మొసలి! ఆకుపచ్చ గోడ, ఆకుపచ్చ ఫ్రిజ్, ఆకుపచ్చ కుర్చీలు, తలుపు మీద కూడా మొసలి తోకే. అందుకే కదా మార్చమంటున్నాను. పడవ బీరు మనిషి వెనకాల మొసలి నోరు తెరుచుకుని ఉంటే బాగుంటుందా?"

"ఆ మొసలి తోక పట్టుకునే కదరా నువ్వు నడక నేర్చుకున్నావు."

"నేర్చుకున్నాను. ఇప్పుడు నడవడం వచ్చేసింది."

"మరి పడవ వాళ్ళకి ఎప్పుడు మాటిచ్చావు?"

"అదా... మొన్నే."

"మొన్నంటే?"

"పోయిన వారం."

"భేష్. పోయిన వారం వాళ్ళకి మాటిచ్చి ఇవాళ నన్నడుగుతున్నావు. నా గోడకి సంబంధం ఖాయం చేసొచ్చి, గోడ పెట్టినదాన్ని ఆఖర్న అడుగుతున్నావు."

"మకియెసే బాబాయ్, మీరైనా చెప్పండి మా అమ్మకి."

"నన్ను మధ్యలోకి లాగకు నాయనా. నేను మొసలి మనిషిని. మా నాన్న దినాలకి వచ్చినవాళ్ళందరికీ పోయించింది మొసలి బీరే. మొదటి చుక్కలు ఆయన కోసం నేలమీద పోసింది కూడా అందులోంచే. ఇప్పుడు నేను పడవలోకి దూకితే ఆయన ఊరుకుంటాడా?"

"పోయినాయనకి సీసా మీద బొమ్మ కనిపిస్తుందా బాబాయ్?"

"ఆయనకి బతికున్నప్పుడే చూపు సరిగ్గా ఆనేది కాదు. ఒక్క గుక్క తాగి చెప్పేవాడు ఇది మనది, ఇది వాళ్ళది అని."

"చూశావా లుజోలో? ఇలాంటి మనుషులతో నేను వ్యాపారం చెయ్యాలి. రేపు గోడ మీద పడవ కనిపిస్తే ఈయన ఎదురు కొట్టుకి వెళ్ళిపోతాడు."

"వెళ్తే వెళ్ళనీ! పడవ తాగేవాళ్ళు రారా? ఆ బొమ్మ చూసి ఊళ్ళో సగం మంది ఇక్కడికే వస్తారు. లుజోలో పాట పుట్టిన చోటు అని."

"ఆ ఫ్రిజ్ రాకముందు నా బతుకేంటో నీకు గుర్తుందా? పొద్దున్నే మంచు దిమ్మలు మోసుకొచ్చి, రంపపు పొట్టు పోసి, గోనె కప్పేదాన్ని. మిట్ట మధ్యాహ్నానికల్లా అన్నీ నీళ్ళే. వేడి బీరు తాగి జనం నన్ను తిట్టిపోసేవాళ్ళు. మొసలి వాళ్ళు ఆ ఫ్రిజ్ దింపిన రోజు నువ్వు దాన్ని కావలించుకుని పడుకున్నావు. లేపితే ఏడుపు."

"పడవ వాళ్ళు ఇంకా పెద్దదిస్తారు. రెండు తలుపులది."

"ఇస్తారు. నువ్వు వాళ్ళతో మాటా మాటా అనుకున్న రోజు ఆ రెండు తలుపులూ ఊడబీక్కుపోతారు. నీ నోరు నాకు తెలీదా?"

"అనుకోను! ఎందుకనుకుంటాను?"

"మొంగాలితో ఎందుకనుకున్నావు?"

"అది వేరు."

"ఏం వేరు? ఊరంతా పేరున్న బ్యాండు. మంచి బట్టలు, మంచి తిండి. ఒక్క రాత్రిలో తెంచుకుని వచ్చేశావు. నాకు చెప్పావా? కూరలమ్మే ఆవిడ చెప్పింది."

"అమ్మా, ఆయన నా పాటని తనదని చెప్పి రికార్డు మీద వేసుకున్నాడు. నేను రాసిన పాట! అడిగితే ఏమన్నాడో తెలుసా? నా మైకులో పాడావు, నా గిటార్ల మీద పాడావు, పాట నీదెలా అవుతుందన్నాడు."

"అన్నాడా?"

"అన్నాడు. ఆయన్ననుకుని లాభం లేదు, ఈ ఊళ్ళో లెక్కే అది. వాయిద్యాలు ఎవరివో బ్యాండు వాళ్ళది. మేం ఐదుగురం బయటికొచ్చాం. గిటార్లు ఆయనవి, డ్రమ్ములు ఆయనవి, స్పీకర్లు, వ్యాను అన్నీ ఆయనవి. చివరికి నా చొక్కా కూడా ఆయనదేనని అక్కడే విప్పించుకున్నాడు."

"నువ్వెప్పుడూ దానికి గుండీ ఒక్కటే కదా పెట్టుకునేది, పర్లేదులే."

"నవ్వకమ్మా. మా ఐదుగురికీ కలిపి న్కాంగా దగ్గర ఒకే ఒక్క పాత గిటారుంది, దానికీ రెండు తీగల్లేవు. మఫూటా నీ ఖాళీ సీసాల పెట్టెల మీద దరువేస్తున్నాడు."

"తెలుసు. రెండు పెట్టెలు విరగ్గొట్టాడు."

"అదీ మా బతుకు. పడవ వాళ్ళు అన్నీ ఇస్తామన్నారు. కొత్త గిటార్లు, డ్రమ్ములు, స్పీకర్లు... ఆదివారం ఫొటో, ఫొటో అవగానే అక్కడికక్కడే సంతకం. ఆదివారం కాకపోతే సోమవారం వాళ్ళు పోయేది మొంగాలి దగ్గరికే. ఆయన నా బదులు ఎవణ్ణో కుర్రాణ్ణి తెచ్చిపెట్టాడు. నా పాటలు వాడిచేత పాడిస్తున్నాడు. మొన్న వాళ్ళు పాడుతుంటే గోడవతల నిలబడి విన్నాను."

"ఎలా పాడాడు?"

"బాగానే పాడాడు! అదేగా నా ఏడుపు! జనం నాకు కొట్టినట్టే వాడికీ చప్పట్లు కొట్టారు. ఈ ఊరు అంతేనమ్మా. ఇంకో వర్షాకాలం వచ్చేసరికి లుజోలో అంటే ఎవరని అడుగుతారు."

"భయమేస్తోందా?"

"వేస్తోంది."

"ఊఁ. చేప తిను."

"చేప చేప చేప! నేనేం మాట్లాడుతున్నాను, నువ్వేం మాట్లాడుతున్నావు? గోడ సంగతి చెప్పమ్మా!"

"చెప్తాలే. తొందరేముంది? ఆదివారం ఇంకా రాలేదుగా. మకియెసే అన్నా, మీకింకో సీసా తియ్యనా? మీ కళ్ళముందే మూత తీస్తాను."

"వద్దు వద్దు. ఇవాళ నాకు బీరు మాటెత్తకండి."

"బాబాయ్! మీరు వద్దంటున్నారా? ఒంట్లో బాగుందా?"

"కడుపు నాయనా, కడుపు. నిన్న ఆ గ్లాసులో నురగ చూసి ఆశపడ్డాను. నురగ నిలబడ్డానికి సబ్బు కలుపుతారని నాకేం తెలుసు? ఆ దీపాల వేడికి మామూలు నురగ..."

"మకియెసే అన్నా!"

"ఆఁ?"

"మీకు దగ్గొస్తోంది. నీళ్ళు తాగండి."

"నాకు దగ్గేం... అవునవును. దగ్గొస్తోంది. ఖళ్... ఖళ్..."

"సబ్బేంటి? దీపాలేంటి? ఎక్కడ బాబాయ్?"

"బట్టలుతుక్కున్నాడు నిన్న. పెళ్ళాం ఊళ్ళో లేదు."

"ఆయన్ని చెప్పనీ అమ్మా."

"ఏం లేదు నాయనా. బట్టలే. దీపం పెట్టుకుని ఉతుక్కున్నాను. ఖళ్."

"పట్టపగలు దీపం పెట్టుకుని, గ్లాసులో బట్టలుతుక్కున్నారా? అమ్మా, ఇటు చూడు."

"ఏంటి?"

"నీ కళ్ళ చుట్టూ నల్లగా ఏంటది?"

"పొగరా. పొద్దుణ్ణుంచీ చేపలు కాలుస్తున్నాను."

"పొగ ఇంత తిన్నగా గీత గీస్తుందా? కొసల్లో పైకి తిప్పి మరీ?"

"అది నూనె రాస్తేనే పోతుందట, ఆ అమ్మాయి చెప్పింది కదా లుజోలో వాళ్ళమ్మా, నీళ్ళకి పోదని... ఖళ్ ఖళ్!"

"ఏ అమ్మాయి? అమ్మా, నీళ్ళు నమలకు. నిన్న నువ్వెక్కడికెళ్ళావు?"

"ఎక్కడికి వెళ్తాను? కొట్టు వదిలి నేనెక్కడికెళ్ళాను పుట్టి బుద్ధెరిగాక?"

"నిన్న నేనొచ్చాను. కొట్టు మూసుంది. చచ్చిపోయినవాళ్ళింటికి వెళ్ళావేమో అనుకున్నాను."

"అదే అదే. చావుకే వెళ్ళాను."

"ఎవరు పోయారు?"

"మకియెసే అన్నా, ఎవరు పోయారు?"

"నన్నడుగుతారేం! మా వాళ్ళెవరూ పోలేదు!"

"అమ్మా!"

"సరే. నేనొకటడుగుతాను, దానికి జవాబు చెప్పు. తర్వాత నువ్వడిగినదానికి నేను చెప్తాను."

"అడుగు."

"నీ కొత్త పాట మొదట్లో గిటారు ఆగినప్పుడు కొన్ని పేర్లు అరుస్తావు కదా. ఎవరెవరివి?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"సిమెంటు వ్యాపారి ఒకాయన. ఫుట్‌బాల్ కెప్టెన్. మంత్రి బావమరిది. ఇంకా... చెప్పుల కొట్టాయన. మా పాటల్లో పెద్దమనుషుల పేర్లు అలాగే పెడతాం, అది పద్ధతి. ఆ మధ్య వాళ్ళంతా మాకు సాయం చేశారు."

"చెప్పుల కొట్టాయన కూడా?"

"ఈ జోడు ఆయనిచ్చిందే."

"బాగుంది. నేనూ నీకు కాస్త సాయం చేశాను. తొమ్మిది నెలలు మోశాను, తర్వాత ఈ కొట్టు మోశాను. నా పేరెక్కడుంది?"

"ఉంది కదమ్మా! ప్రతి పాటలోనూ అరుస్తాను, లుజోలో వాళ్ళమ్మా, లుజోలో వాళ్ళమ్మా అని. ఆడవాళ్ళంతా చప్పట్లు కొడతారు అక్కడ!"

"అది నా పేరా? అందులో ఉన్నది నీ పేరే కదరా."

"అందరూ నిన్ను అలాగేగా పిలుస్తారు."

"పిలుస్తారు. నువ్వు పుట్టిన రోజు నుంచీ పిలుస్తున్నారు. దానికి ముందు మీ నాన్న పెళ్ళాం అన్నారు. దానికీ ముందు మా అన్న చెల్లెలన్నారు. సర్కారువాళ్ళు దేశం పేరు మార్చారు, నది పేరు మార్చారు, చర్చిలో పెట్టిన పేర్లన్నీ తీసెయ్యమన్నారు. సరేనని తీసేశాను. ఇక మిగిలింది మా అమ్మ పెట్టినదొక్కటే కదా, ఇప్పుడైనా పిలుస్తారేమో అని చూశాను. ఒక్కడంటే ఒక్కడు పిలవలేదు."

"న్సోనా."

"ఆఁ. తెలుసే నీకు."

"తెలియకేం అమ్మా."

"నువ్వా మాట అనగా వినడం ఇదే మొదలు. బాగానే ఉంది నీ గొంతులో."

"అమ్మా, నీ పేరు పాటలో పెడతాను. ఒట్టు. అన్ని పాటల్లోనూ పెడతాను. ఆదివారం మాత్రం..."

"నీకింకా ఆదివారమే."

"ఇప్పుడు నువ్వు చెప్పు. నిన్న ఎక్కడికెళ్ళావు?"

"పోయిన వారం నువ్వు వాళ్ళకి మాటిచ్చిన మర్నాడే మొసలి కంపెనీ మేనేజరు ఇక్కడికొచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు. ఏమ్మా, మీ అబ్బాయి పడవ ఎక్కుతున్నాడట, మీరు కూడా ఎక్కుతున్నారా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నా గోడ పెళ్ళి సంగతి నాకే ఇంకా తెలీదన్నాను. నవ్వాడు. నవ్వి, అమ్మా మీ పేరేంటి అన్నాడు. లుజోలో వాళ్ళమ్మ అన్నాను. అది కాదమ్మా, మీ పేరు అన్నాడు. ఏం చెప్పమంటావురా, నోరెండిపోయింది నాకు. కొత్త పెళ్ళికూతురిలాగా సిగ్గేసింది."

"అయితే?"

"అయితే... మకియెసే అన్నా, ఇప్పుడు చెప్పండి. ఇందాకట్నుంచీ కడుపు ఉబ్బిపోతోంది మీకు."

"అమ్మయ్య! నాయనా లుజోలో, మీ అమ్మ బొమ్మ అచ్చవుతోంది! ఇంత పొడుగు! తలకి ఆకుపచ్చ గుడ్డ, చేతిలో మొసలి సీసా, ఆ నవ్వు చూస్తే మంత్రి కూడా దిగొచ్చి కూర్చుంటాడు. నిన్ననే తీశారు. తోడు నేనే వెళ్ళాను. స్టేడియం ముందు, రేవు దగ్గర, పెద్ద బజార్లో..."

"చాలు బాబాయ్."

"శనివారమే అంటిస్తారట. ఆదివారం దాకా ఆగరట."

"చాలన్నానా!"

"కింద ఏం రాశారో చెప్పొద్దూ? మా ఇంట్లో మొసలే, ఇట్లు న్సోనా, మతోంగే. ఇంత పెద్ద అక్షరాలు!"

"నా పేరు?"

"ఉందిరా. పాటగాడు లుజోలో తల్లి అని అడుగున వేశారు. చిన్న అక్షరాలు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి కనిపిస్తుంది."

"అమ్మా... నా కొంప ముంచావు."

"మునిగింది పడవ. కొంపకేం కాలేదు."

"హాస్యాలా? పడవ బీరు పాటగాడి కన్నతల్లి మొసలి బీరు తాగుతుందని ఊరంతా బొమ్మలు పెడితే, ఇంక నా మొహం ఎవడికి కావాలి? నన్ను గుమ్మంలోంచే తరిమేస్తారు! మొంగాలి పడీ పడీ నవ్వుతాడు. మా ఐదుగురి పొట్ట కొట్టావు. అసలు నువ్వు బీరు తాగవు కూడా, అల్లం నీళ్ళు తాగుతావు!"

"తాగానని ఎవరన్నారు? పోస్తున్నాను బొమ్మలో."

"ఎంతకి?"

"ఏంటి ఎంతకి?"

"ఎంతకి అమ్మావమ్మా నన్ను?"

ఆ మాటకి మకియెసే లేచి, ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. పొయ్యి మీద చేప మాడుతున్నా ఎవరూ చూడలేదు.

"మళ్ళీ అను."

"అనను."

"అన్నావుగా."

"కోపంలో వచ్చింది."

"వచ్చిందే వచ్చింది, పూర్తిగా విను. డబ్బిస్తామన్నారు. వద్దన్నాను. నీకిస్తే జోళ్ళు కొంటావు, నాకిస్తే అరువులిచ్చేస్తాను. ఇంకో ఫ్రిజ్ ఇస్తామన్నారు. ఒకటి చాలన్నాను. రేకుల కప్పు మారుస్తామన్నారు. ఇదింకా కారట్లేదన్నాను."

"మరి?"

"వెనక గది తలుపు తియ్యి."

"ఎందుకు?"

"తియ్యరా. తాళం వెయ్యలేదు."

లుజోలో విసురుగా వెళ్ళి తలుపు తోశాడు. అంత విసురూ గడపలోనే ఏమైపోయిందో, లోపలికి మాత్రం మెల్లిగా అడుగేశాడు.

"అమ్మా."

"ఊఁ."

"అమ్మా, ఇక్కడ..."

"లెక్కపెట్టకు, అన్నీ ఉన్నాయి."

"ఇవి కరెంటు గిటార్లు!"

"మూడు. లావు తీగలది ఇంకొకటుంది, దాని పేరు నాకు నోరు తిరగదు. న్కాంగా చెప్పినట్టే అడిగాను."

"న్కాంగాకి తెలుసా?"

"పొద్దునొచ్చి శ్రుతి చేసింది వాడే."

"మఫూటాకి?"

"పెద్ద డ్రమ్ము తలుపులో పట్టకపోతే కిటికీ చట్రం ఊడబీకింది ఎవరనుకున్నావు? మళ్ళీ బిగించకుండా పోయాడు, దరిద్రుడు."

"అందరికీ తెలుసు! నాకు తప్ప అందరికీ తెలుసు! ఆఖరికి నోట్లో నువ్వుగింజ నానని ఈ బాబాయికి కూడా తెలుసు!"

"చూడు నాయనా, నిన్నట్నుంచీ ఇవాళ్టిదాకా దాచాను. ఇంత దాకా దాచడం నా జన్మలో ఇదే మొదలు."

"అమ్మా, డ్రమ్ము మీద మొసలి బొమ్మ లేదేంటి? కంపెనీ డ్రమ్ము కదా ఇది."

"వేస్తామన్నారు. నా ముఖం ఇచ్చానుగా, మళ్ళీ డ్రమ్ము ముఖం కూడా ఎందుకన్నాను. ఎక్కడైనా పాడుకోవచ్చు, పడవ బీరు పోసే చోటయినా సరే. అదీ రాయించుకున్నాను."

"నిజంగానా? ఎక్కడైనా?"

"ఎక్కడైనా. నాకు బేరాలు చెయ్యడం కొత్తా? పొద్దున లేస్తే నాకున్న పని అదేగా."

"అమ్మా, ఇందాక నేనన్న మాట..."

"విన్నాను."

"వెనక్కి తీసేసుకుంటున్నాను."

"తీసేసుకో. ఇక్కడ ఉంచడానికి చోటు కూడా లేదు, గదంతా డ్రమ్ములే."

"ఏడుస్తున్నావేంటమ్మా?"

"పొగరా."

"నేనూ ఏడుస్తున్నాను."

"నీకు పొగ అంత దూరం రాదు. ఏడువు, పర్లేదు."

"బాబాయ్, మీరెందుకు ఏడుస్తున్నారు?"

"కడుపు నాయనా. ఆ సబ్బు."

"ఇంక చూడు అమ్మా! మొంగాలి వద్దు, పడవ వద్దు, మొసలి వద్దు! ఎవడి బోర్డూ మోయక్కర్లేదు, ఎవడికీ సలాం కొట్టక్కర్లేదు. ఇప్పుడే వెళ్ళి పడవ వాళ్ళకి చెప్పేస్తాను, ఫొటో లేదు, గీటో లేదని. సంతకం ఇంకా పెట్టలేదుగా! ఈ ఊళ్ళో మొట్టమొదటిసారి బ్యాండు పాడేవాళ్ళదే అవుతుంది! మా బ్యాండు మాది!"

"ఎవరిది?"

"మాది. మా ఐదుగురిదీ."

"ఆగాగు. ఇందాక నువ్వే ఏదో లెక్క చెప్పావే. వాయిద్యాలు ఎవరివో..."

"అమ్మా!"

"మకియెసే అన్నా, మీరు పక్కనే ఉన్నారు కదా. వాయిద్యాలు ఎవరి పేర రాశారు?"

"న్సోనా పేర. నేనే సాక్షి."

"అమ్మా, ఇది అన్యాయం!"

"అన్యాయమేముంది? ఈ ఊళ్ళో లెక్కే అదన్నావుగా. నీ పాట మాత్రం నీదే, నేను మొంగాలిని కాను. రికార్డు మీద నీ పేరే వేయిస్తాను. చొక్కాలు కూడా విప్పించుకోను, మకియెసే అన్న అందరికీ కుట్టిపెడతాడు. ఇక బ్యాండంటావా..."

"సరే. సరేనమ్మా. ఒప్పుకున్నాను. చెప్పండి న్సోనా గారూ, యజమాని గారూ! సాధన ఎప్పట్నుంచి?"

"సోమవారం సాయంత్రం, ఐదింటికి. న్కాంగా వస్తానన్నాడు. మఫూటా వస్తానన్నాడు, ముందు కిటికీ బిగిస్తేనే డ్రమ్ము ముట్టుకోనిస్తానని చెప్పాను. మిగతా ఇద్దరితో కూడా మాట్లాడేశాను, కుదిరిపోయింది."

"మరి నాతో మాట్లాడవేం?"

"నీతో ఏం మాట్లాడాలి?"

"అదేంటమ్మా! పాడేది ఎవరు?"

"అదే చూస్తున్నాను. పాడేవాడొక్కడే ఇంకా కుదరలేదు. గొంతు బాగున్నవాడు, యజమానిని అడక్కుండా గోడలు అమ్మనివాడు ఎవడైనా నీ ఎరికలో ఉంటే సోమవారం రమ్మను, ఒక పాట పాడించుకుని చూస్తాను."